మిడో వాచీల వెనక ఈఫిల్ టవర్, సిడ్నీ బ్రిడ్జి కథలు నిజమేనా? కొనేముందు తెలిసినవాళ్లు చెప్పండి

సెంట్రింగ్_శీను

అందరికీ నమస్కారం. నేను సివిల్ ఇంజినీర్ని, ఉండేది విజయవాడ, పని ఎక్కువగా ఫ్లైఓవర్ల మీద. ఇన్నాళ్లూ బ్యాటరీ వాచీతోనే లాగించేశాను. ఈసారి చేతి కదలికకే కీ ఎక్కే మంచి ఆటోమేటిక్ ఒకటి కొందామని మనసు పడింది, బడ్జెట్ లక్ష లోపు. తిస్సో చూశాను, బాగానే ఉంది కానీ మా ఆఫీసులో ప్రతి రెండో చేతికీ అదే ఉంది. అప్పుడు షోరూంలో కుర్రాడు మిడో అనే స్విస్ కంపెనీ వాచీలు బయటికి తీశాడు. తీయడం తీయడమే కథ మొదలు. ఇది కమాండర్ సార్, ఈఫిల్ టవర్ స్ఫూర్తి. ఇది మల్టీఫోర్ట్, సిడ్నీ హార్బర్ బ్రిడ్జి. ఇది ఓషన్ స్టార్, జిబ్రాల్టర్‌లో లైట్‌హౌస్. పాత మోడల్ ఇంకోటి ఉంది సార్, రోమ్ కొలోసియం... అలా చెప్పుకుంటూ పోతున్నాడు.

నేను కమాండర్‌ని చేతిలో పెట్టుకుని ఎంత తేరిపార చూసినా ఈఫిల్ టవర్ ఎక్కడా కనిపించలేదండి. గుండ్రటి డయల్, మధ్యలోంచి అంచులకు వెలుగు పాకే సన్నటి గీతలు, అంతే. వాచీ మాత్రం నచ్చింది, అది వేరే సంగతి.

ఇప్పుడు నా అనుమానాలు. ఈ కంపెనీకి నిజంగా అంత చరిత్ర ఉందా, లేక పాత పేరు కొనుక్కుని కొత్తగా పెట్టిన దుకాణమా? కట్టడాల కథ డిజైనర్లు గీసేటప్పుడే ఉందా, తర్వాత ప్రకటనల వాళ్లు అతికించారా? ఆన్‌లైన్‌లో పాత మిడోలు ఎనిమిది తొమ్మిది వేలకే కనిపిస్తున్నాయి, డయల్ కొత్తదానిలా మెరిసిపోతోంది, అవి తీసుకోవచ్చా? మా బావ దుబాయ్ నుంచి వస్తున్నాడు, అక్కడ తెప్పించుకుంటే మేలా?

"టైం చూసుకోడానికి ఫోన్ ఉందిగా" అనేవాళ్లు దయచేసి ఈ పక్కకి రావద్దు, ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నాను.

పాతకీ

శీను గారూ, కంపెనీ చరిత్ర అసలైనదే. కట్టడాల కథలో మాత్రం నిజం పాలు మోడల్‌ని బట్టి మారుతుంది.

మిడోని జార్జ్ షేరెన్ అనే ఆయన 1918 నవంబర్ 11న మొదలుపెట్టాడు. తేదీ చూశారుగా, మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజే. మొదట సోలోతూర్న్, తర్వాత బీల్, ఇప్పుడు జూరా కొండల్లోని ల లోకల్ అనే చిన్న ఊరు. తిస్సో ఉండేది కూడా ఆ ఊళ్లోనే. 1920లలో వీళ్లు కార్ల రేడియేటర్ ఆకారంలో వాచీలు చేశారు, బుగాటి కారు ముందుభాగం ఎలా ఉంటుందో అచ్చం అలాగే కేసు, అంటే వాచీ బయటి డొప్ప. అవి ఇప్పుడు వేలంలోకి వస్తే మనలాంటివాళ్లం చూసి ఆనందించడమే. ఒక వస్తువును చూసి దాని రూపాన్ని వాచీలోకి దించడం అంటే అదీ. అక్కడ ఎవరికీ వివరించి చెప్పాల్సిన పనిలేదు, చూడగానే తెలిసిపోతుంది.

అసలు పేరు తెచ్చింది 1934లో వచ్చిన మల్టీఫోర్ట్. తనంతట తానే కీ ఎక్కించుకునేది, నీళ్లకి, దెబ్బలకి, అయస్కాంతానికి తట్టుకునేది, అన్నీ ఒకే వాచీలో. ఇప్పుడు ఇవన్నీ మామూలు సంగతులే. అప్పట్లో మాత్రం చేతి వాచీ అంటే వానలో తడవకుండా జేబులో దాచుకోవాల్సిన వస్తువు. నీళ్లు లోపలికి పోయే ముఖ్యమైన దారి కీ బుడిపె దగ్గరి చిల్లు. అక్కడ మిడో వాళ్లు సీసా బిరడాలకు వాడే కార్కునే శుద్ధి చేసి బిగించారు. ఇరుసు దాని మధ్యలోంచి వెళ్తుంది. కార్కు నొక్కుకుని ఇరుసును పట్టుకుంటుంది, నీటి చుక్క పోదు. తర్వాత దీనికే ఆక్వాడ్యూరా అని పేరు పెట్టుకున్నారు. నా దృష్టిలో ఈ కంపెనీ చేసిన గొప్ప పని అదే, కానీ షోరూంలో కార్కు గురించి ఎవడు చెప్తాడు చెప్పండి, ఈఫిల్ టవర్ అంటే కదా కస్టమర్ తల తిప్పి చూసేది!

1939లో ఒక రోబో బొమ్మను ప్రచారానికి పెట్టుకున్నారు, పాత కాగితపు ప్రకటనల్లో వాడే కనిపిస్తాడు. ఓషన్ స్టార్ 1944లో, కమాండర్ 1959లో, బారన్‌చెల్లీ అనే ఇంకో మోడల్ 1976లో. ఆ తర్వాత క్వార్ట్జ్ (బ్యాటరీ) వాచీల దెబ్బకి స్విట్జర్లాండ్ వాచీల వాళ్లందరికీ అయినట్టే వీళ్లకీ అయింది. 1971లోనే అసువాగ్ అనే పెద్ద గ్రూపులో చేరిపోయారు, అదే 1980లలో ఇంకో గ్రూపుతో కలిసి ఇవాళ మనం స్వాచ్ గ్రూప్ అంటున్నది అయింది. అంటే సొంత కుటుంబం చేతుల్లో ఇప్పుడు లేదు, కానీ మూతపడి మళ్లీ పుట్టిన పేరు కూడా కాదు.

కట్టడాల సంగతికొస్తే, 1930ల నాటి మల్టీఫోర్ట్ ఫొటోలు వెతికి చూడండి. చిన్న గుండ్రటి వాచీ, సాదా డయల్. అందులో ఎవరికైనా సిడ్నీ బ్రిడ్జి కనిపిస్తే నాకు కూడా చూపించండి. ఇప్పటి మల్టీఫోర్ట్‌ల డయల్ మీద నిలువు చారలు ఉంటాయి, వాటిని పెట్టాక బ్రిడ్జి కథ కుదిరింది. వాచీ పుట్టిన కాలం 1934, బ్రిడ్జి తెరిచింది 1932, ఏళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి ముడి పెట్టడం తేలికైంది. ఇది నా అంచనా, కంపెనీ మాట కాదు.

హార్బర్_సుబ్బు

సిడ్నీ అనగానే నన్ను పిలిచినట్టే ఉంది 😀 పర్రమట్టా నుంచి రోజూ రైల్లో ఆ బ్రిడ్జి దాటి నార్త్ సిడ్నీలో ఆఫీసుకి వెళ్తాను, నా దగ్గర మల్టీఫోర్ట్ కూడా ఉంది, నిలువు చారలదే. కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూసిన హక్కుతో చెప్తున్నా.

డయల్ మీది చారలు జెనీవా చారలు అంటారు. మామూలుగా వాటిని మెషీన్ మీద, అంటే వాచీ వెనక గాజు మూతలోంచి కనిపించే భాగంలో దిద్దుతారు. వీళ్లు వాటినే ముందుకి తెచ్చి నిలువుగా పెట్టారు. లైటు పక్కనుంచి పడితే ఒక చార వెలుగు, పక్క చార నీడ, చెయ్యి కాస్త తిప్పితే రెండూ తారుమారు. రైలు బ్రిడ్జి మీదుగా పోతుంటే కిటికీ పక్కనుంచి ఉక్కు కమ్ములు ఒకటి తర్వాత ఒకటి వెళ్తుంటాయి, పొద్దుటి ఎండ వాటి మధ్యలోంచి వెలుగూ నీడగా ముఖాన పడుతుంది. ఆ పోలిక ఉందండి, లేదని అనలేను. కానీ అది రైల్లో కూర్చున్నవాడికి తట్టే పోలిక. దూరం నుంచి చూస్తే బ్రిడ్జి అంటే ఆ పెద్ద ఆర్చి, 503 మీటర్లు, వాచీలో ఆ వంపు ఎక్కడా లేదు.

ఇంకో సంగతి, శీను గారికి తెలిసే ఉంటుంది. బ్రిడ్జికి రెండు వైపులా రెండేసి రాతి స్తంభాలు ఉంటాయి కదా, 89 మీటర్ల ఎత్తున, గ్రానైట్ తాపడంతో. చూసినవాళ్లంతా ఆర్చి బరువు వాటి మీదే ఉందనుకుంటారు. ఒక్క కిలో కూడా మోయవు! బరువంతా అడుగున ఉన్న బేరింగుల మీద. ఆ స్తంభాలు కేవలం చూసేవాడి గుండె ధైర్యం కోసం, అంత సన్నటి ఉక్కు మీద రైలెక్కాలంటే జనం భయపడతారని.

సెంట్రింగ్_శీను

సుబ్బు గారూ, ఆ పైలాన్ల (రాతి స్తంభాల) సంగతి మా ప్రొఫెసర్ క్లాసులో చెప్పి నవ్వేవారు. అయితే ఈ ఈఫిల్ టవర్ కథ కూడా పైలాన్ లాంటిదేనన్నమాట, వాచీ దాని మీద నిలబడలేదు, కొనేవాడికి ధైర్యం వస్తుంది 😂

పాతకీ గారూ, కార్కు సంగతి మాత్రం నాకు చాలా నచ్చింది. మేము కాంక్రీట్ జాయింట్లలో నీళ్లు ఆపడానికి వాటర్ స్టాపర్లు పెడతాం, సమస్య అదే, సైజే తేడా. కమాండర్ గురించి ఎవరైనా ఇంకొంచెం చెప్తారా? ఈఫిల్ టవర్‌తో దానికి ఏం సంబంధమో కొంచెమైనా అర్థం కావాలి నాకు.

భూతద్దం

నేను సికింద్రాబాద్‌లో వాచీలు బాగుచేస్తాను, మా నాన్న కాలం నుంచీ ఇదే పని. కమాండర్ గురించి నేను చెప్తా, కానీ టవర్ గురించి కాదు, లోపలి సంగతి.

పాత కమాండర్‌కి వెనక మూత ఉండదు. మామూలు వాచీ అంటే మూడు ముక్కలు, మధ్యలో కేసు, వెనక మూత, పైన గాజు బిగించే రింగు. అందులో మూత దగ్గర ఒక సందు, గాజు దగ్గర ఒక సందు, బుడిపె దగ్గర ఒక సందు. కమాండర్‌లో కేసూ వెనకభాగమూ కలిపి ఒకే ముక్క, గిన్నెలా తొలిచి చేసింది. నీళ్లు పోయే దారి ఒకటి ఆ దెబ్బతో మూసుకుపోయింది. తెలియని మెకానిక్ దగ్గరికి పోతే వాడు వెనకవైపు కత్తి పెట్టి తెరవాలని చూస్తాడు, అంచంతా గీతలు పడతాయి, మూత రాదు. ఎందుకు వస్తుంది, మూతే లేదుగా. అలా గీకించుకుని నా దగ్గరికి వచ్చినవి చాలా చూశాను.

తెరవాల్సింది ముందునుంచి. బుడిపె ఇరుసు రెండు ముక్కలుగా ఉంటుంది, ఒకదాన్ని ఒకటి కొక్కెంలా పట్టుకుంటాయి. బుడిపెను సరైన కోణంలో తిప్పి పట్టుకుని గట్టిగా లాగితే బయటి ముక్క టక్కున ఊడి వస్తుంది. తర్వాత గాజును చుట్టూ పట్టే పరికరంతో కొద్దిగా నొక్కి పైకి లేపాలి. అప్పుడు వాచీని బోర్లిస్తే మెషీన్, డయల్, ముళ్లు అన్నీ కలిసి చేతిలోకి వస్తాయి. తిరిగి పెట్టేటప్పుడు ఇరుసు రెండు ముక్కలూ ఒకే గీతలో ఉండాలి, లేకపోతే ఎంత నొక్కినా ఎక్కదు, బలవంతం చేస్తే కొక్కెం విరుగుతుంది. ఆ ముక్క దొరకడం ఇవాళ చాలా కష్టం.

కార్కు గొప్పదే కానీ దాని రోగం కూడా చెప్పాలి. వాడకంలో ఉన్నంతకాలం బానే ఉంటుంది. ఏళ్ల తరబడి బీరువాలో పడుంటే ఎండి, ముట్టుకుంటే పొడి పొడిగా రాలిపోతుంది. పైకి వాచీ బ్రహ్మాండంగా ఉంటుంది, తీరా చూస్తే ఇరుసు చుట్టూ తుప్పు. అలాంటిది కట్టుకుని చేతులు కడుక్కున్నా ప్రమాదమే.

ఇక ఆ ఎనిమిది వేల వాచీలు. శీను గారూ, దూరంగా ఉండండి. డయల్ కొత్తగా మెరుస్తోందని మీరే రాశారు, అరవై ఏళ్ల వాచీకి డయల్ కొత్తగా ఉండదు. పాతది గీకేసి మళ్లీ రంగు వేసి పేరు అచ్చు కొడతారు. భూతద్దం పెట్టి చూస్తే అక్షరాల అంచులు సిరా పాకినట్టు ఉంటాయి, నిమిషాల గీతలు అన్నీ ఒకే పొడవు ఉండవు, గంటల గుర్తుకీ గీతకీ పొంతన ఉండదు. నీలం, నారింజ, ఆకుపచ్చ కలిపిన డయల్ ఉంటే మరీ జాగ్రత్త, చాలావరకు అది మళ్లీ రంగు వేసిందే. లోపల మెషీన్ ఒక వాచీది, కేసు ఇంకో వాచీది. నా దగ్గరికి వచ్చే కస్టమర్లు కొందరు ఇలాంటివి ఆన్‌లైన్‌లో కొని సర్వీసుకి తెస్తారు, సర్వీసు ఖర్చు వాచీ కంటే ఎక్కువ అంటే ముఖం వాడిపోతుంది, నాకే బాధేస్తుంది.

పాత ముద్రలు చెరగని, రంగు మాసిన డయల్ ఉన్నది, తెలిసిన చేతుల్లోంచి వస్తే తీసుకోండి. మెరిసేది వద్దు.

సూటిగా_సుందరం

అందరూ చరిత్ర చెప్తున్నారు, లోపల ఏముందో ఎవరూ చెప్పట్లేదు. మిడో లోపలి మెషీన్, కాలిబర్ 80 అంటే ఏమిటనుకుంటున్నారు? తిస్సోలో పవర్‌మాటిక్ 80 అనే పేరుతో ఉన్న దానికి అన్నదమ్ముల్లాంటిదే. సర్టీనాలో, హామిల్టన్‌లో కూడా అదే కుటుంబం. అందరికీ మెషీన్ ఇచ్చేది ఎటా, అదీ స్వాచ్ గ్రూప్‌దే. కాబట్టి ఆఫీసులో అందరి చేతికీ ఉన్నదే మీరూ కొంటున్నారు శీను గారూ, పైన బోర్డు మారింది అంతే. వారసత్వం, కట్టడం, స్ఫూర్తి, ఇవన్నీ ఆ బోర్డు ఖరీదు.

పాతకీ

సుందరం గారి మాటలో సగం ఒప్పుకుంటాను. కుటుంబం ఒకటే, నిజం. దాని మూలం ఎటా 2824 అనే పాత మెషీన్. అది గంటకి 28,800 సార్లు కొట్టుకునేది, పూర్తిగా కీ ఎక్కించి పక్కన పెడితే ఇంచుమించు ఒకటిన్నర రోజు నడిచేది. దాని వేగాన్ని 21,600కి తగ్గించి, స్ప్రింగు పెట్టే డబ్బాలో మధ్య ఇరుసును సన్నం చేసి అక్కడ ఇంకొంచెం పొడుగు స్ప్రింగు పట్టేలా చేసి 80 గంటలకు తెచ్చారు. శుక్రవారం సాయంత్రం తీసి పెడితే సోమవారం పొద్దున ఇంకా నడుస్తూనే ఉంటుంది, ఆఫీసుకి వెళ్లేవాడికి ఇది నిజంగా పనికొచ్చే సంగతి. నష్టం కూడా ఉంది. వేగం తగ్గింది కాబట్టి సెకన్ల ముల్లు నడక అంత నున్నగా ఉండదు. ఇంకా, పాత 2824లో వేగం సరిచేసే చిన్న మీట ఉండేది, వీధి చివరి మెకానిక్ కూడా అటూ ఇటూ జరిపి సరిచేసేవాడు. ఇందులో ఆ మీట లేదు. భూతద్దం గారు దీని మీద ఏమంటారో.

కానీ "బోర్డు మారింది అంతే" అనడం అన్యాయం. తిస్సోలో కొన్ని చౌక రకాల్లో మెషీన్ లోపలి కొన్ని ముక్కలు ప్లాస్టిక్ జాతివి, మిడోలో లోహం. మిడోలో క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఉన్న మోడళ్లు ఈ ధరకు కొంచెం పైన దొరుకుతాయి. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పేరు కాస్క్. కేసులో పెట్టకముందే ఒక్కో మెషీన్‌ని 15 రోజులు, ఐదు భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల వేడిలో పెట్టి చూస్తారు. సగటున రోజుకి 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకి, ఈ హద్దు దాటకూడదు. ఆ కాగితం కథ కాదు, కొలత.

భూతద్దం

పాతకీ గారు అడిగారు కాబట్టి. మీట లేదు, నిజమే. వేగం సరిచేయడానికి మా దగ్గర మామూలుగా ఉండే పనిముట్లు చాలవు. కంపెనీ సర్వీసులో చాలాసార్లు మెషీన్‌నే మార్చి ఇస్తారు, అది వాళ్లకి తేలిక. వాచీ బానే నడుస్తుంది, నాకే పని తగ్గింది 🙂

రేఖలు_గీతలు

నేను విశాఖలో ఆర్కిటెక్ట్‌ని. వాచీల గురించి పెద్దగా తెలియదు కానీ ఈ చర్చ చదువుతుంటే ఊరుకోలేకపోయాను.

ఈఫిల్ టవర్‌కీ కమాండర్‌కీ పోలిక కుదరదని మీరంతా అన్నారు. నేనైతే పూర్తిగా తలకిందులు అంటాను. ఈఫిల్ టవర్ అంటే 18,038 ముక్కలు, 25 లక్షల రివెట్లు. ముక్కలు కలిపి కట్టడమే దాని గొప్పతనం. భూతద్దం గారు చెప్పినదాన్ని బట్టి కమాండర్ గొప్పతనం ముక్కలు లేకపోవడం! ఏ కట్టడాన్ని పోల్చాలో నన్నడిగితే న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం అంటాను. ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసింది, గోడ ఎక్కడ ఆగి నేల ఎక్కడ మొదలైందో తెలియకుండా కాంక్రీటు సుడి తిరుగుతూ పైకి పోతుంది. అది తెరిచింది 1959 అక్టోబర్‌లో, సరిగ్గా కమాండర్ వచ్చిన ఏడాదే. తమాషా ఏమిటంటే ఇప్పుడే వెతికి చూశాను, మిడో వాళ్లు 2017లో గుగ్గెన్‌హైమ్ పేరుతో ఒక పరిమిత వాచీ నిజంగానే చేశారు. అంటే ఆ కట్టడం వాళ్ల దృష్టిలో ఉంది, కమాండర్‌కి మాత్రం టవర్ కట్టబెట్టారు. టవర్‌ని అందరూ గుర్తుపడతారు కదా.

కొలోసియం పేరు చెప్పుకునే ఆల్ డయల్ అనే పాత మోడల్ మాత్రం నాకు న్యాయంగా అనిపించింది. ఫొటో చూస్తే డయల్ అంచునుంచి మధ్యకి మెట్లు మెట్లుగా దిగుతుంది, ప్రేక్షకుల వరసల్లా. ఆకారాన్ని కాకుండా ఆ దిగుడుని తీసుకున్నారు. బారన్‌చెల్లీకి ఒకసారి ఫ్రాన్స్‌లో రెన్ పట్టణంలోని ఒపేరా హౌస్ అంటారు, ఇంకోసారి మిలాన్‌లోని గాజు కప్పు గలేరియా అంటారు. రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకుంటే బావుండేది.

నిజానికి వాచీకీ కట్టడానికీ గట్టి సంబంధం చూడాలంటే టవర్ల దాకా వెళ్లక్కర్లేదు, పాతకీ గారు చెప్పిన ల లోకల్ ఊరునే చూడాలి. ఆ ఊరూ పక్కనే ఉన్న ల షో ద ఫోన్ అనే ఊరూ రెండూ కలిపి 2009లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఎక్కింది కోటలకో చర్చిలకో కాదు, వాచీ పని కోసం ఊరిని కట్టిన తీరుకి. ల షో ద ఫోన్ 1794లో తగలబడిపోయింది. తర్వాత మళ్లీ కట్టేటప్పుడు వీధులన్నీ ఒకదానికొకటి సమాంతరంగా, బారుగా వేశారు. వరసకీ వరసకీ మధ్య తోట జాగా వదిలారు, ఒక ఇంటి నీడ ఇంకో ఇంటి మీద పడకుండా. ఎందుకంటే ఆ ఇళ్లలోనే కిటికీ పక్కన బల్ల వేసుకుని వాచీ పని చేసేవాళ్లు. వెయ్యి మీటర్ల ఎత్తు, చలికాలం పొడుగు, కరెంటు లేని రోజులు, పగటి వెలుగు ఎంత దొరికితే అంత పని. ఒక్కో ఇంట్లో ఒక్కో ముక్క చేసేవాళ్లు, ఒకరు ముళ్లు, ఒకరు డయల్, ఒకరు కేసు. కార్ల్ మార్క్స్ ఈ ఊరంతా ఒకే పెద్ద వాచీ ఫ్యాక్టరీ అని రాసింది అందుకే.

ఆ ఊళ్లోనే 1887లో ఒక డయల్ ఎనామిల్ పనివాడికి కొడుకు పుట్టాడు. కుర్రాడు కూడా అక్కడి ఆర్ట్ స్కూల్లో వాచీ కేసుల మీద చెక్కడం నేర్చుకోడానికే చేరాడు. కళ్లు సహకరించవని, నీకు ఇది కాదు కట్టడాలు గీయమని మాస్టారు దారి మళ్లించాడు. ఆ కుర్రాడే ల కార్బూజియే, మన చండీగఢ్‌ని గీసినాయన. చండీగఢ్ హైకోర్టు ముఖానికి లోతైన గళ్లు ఉంటాయి చూడండి, ఎండ ఎంతవరకు లోపలికి రావాలో లెక్కవేసి పెట్టినవి. పగటి వెలుగుని లెక్కపెట్టి కట్టిన ఊళ్లో పుట్టినవాడు ఇక్కడికొచ్చి ఎండని లెక్కపెట్టి ఆపాడు. రెండిటికీ సంబంధం ఉందని నేను అనుకుంటాను, మా మాస్టార్లు కొందరు ఒప్పుకోరు.

సూటిగా_సుందరం

మేడమ్, ఇది బావుంది. ఈ కథ చెప్పి అమ్మితే నేనే ఒకటి కొనేవాణ్ని. షోరూంలో ఎవరికీ తెలియదనుకుంటా.

డేరా_ప్రసాద్

దుబాయ్ సంగతి నేను చెప్తా, ఇక్కడే ఉంటాను. ధర కొంచెం తక్కువ ఉంటుంది, కానీ అందరూ అనుకునేంత కాదు. ఇండియాలో బేరం అడిగితే షోరూం వాళ్లే కొంత తగ్గిస్తారు, అది పోగా తేడా ఎంతో చూసుకోండి. మీ బావ గారు తెచ్చేదాని ధర ఉచిత పరిమితి దాటితే ఎయిర్‌పోర్టులో డ్యూటీ కట్టాలి, బిల్లు దాచిపెట్టి చేతికి కట్టుకుని వచ్చేద్దాం అనే సలహాలు ఇచ్చేవాళ్లు ఉంటారు, వినొద్దు, ఆ టెన్షన్ ఎందుకు. అంతర్జాతీయ వారంటీ కార్డు మీద తేదీ, సీరియల్ నంబరు, షాపు ముద్ర మూడూ ఉండాలి. ముద్ర లేని కార్డు ఉత్త కాగితమే.

ఇంకోటి, స్విట్జర్లాండ్‌తో సహా నాలుగు దేశాల కూటమితో మన దేశం 2024 మార్చిలో వాణిజ్య ఒప్పందం చేసుకుంది, 2025 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద సుంకం ఏడాదికి కొంచెం కొంచెంగా తగ్గుతుంది. ఒక్కసారిగా తగ్గదు, కాబట్టి దానికోసం కొనకుండా కూర్చోనక్కర్లేదు.

సెంట్రింగ్_శీను

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. భూతద్దం గారూ, ఆ ఎనిమిది వేలది కార్ట్‌లోంచి తీసేశాను. రేఖలు గారూ, మా ఆవిడకి మీ పోస్టు చదివి వినిపించాను, "అయితే చండీగఢ్ ఎప్పుడు తీసుకెళ్తావ్" అంది, ఖర్చు ఇంకో వైపు నుంచి మొదలైంది.

కమాండర్ మీదే మనసు ఉంది, కానీ ఒక అనుమానం మిగిలింది. షోరూంలో నేను చూసినదానికి వెనక గాజు మూత ఉంది, లోపల మెషీన్ కనిపిస్తోంది. అంటే ఒకే ముక్క కేసు కాదనేగా? అది లేకపోతే ఇది కమాండర్ ఎలా అయింది మరి?

భూతద్దం

అవును, ఆ 40 మిల్లీమీటర్లది విడి మూతదే. డయల్ అంచు దాకా రావడం, పక్కనుంచి చూస్తే సన్నగా వంపు తిరగడం, మూడు దగ్గర వారం, తేదీ కనిపించడం, ఇవి పాతదాని నుంచి వచ్చాయి. ఒకే ముక్క గిన్నె మాత్రం రాలేదు. జనానికి వెనక మెషీన్ కనిపించాలి, అందుకని మూత పెట్టారు. సర్వీసు చేసేవాడిగా నాకు ఇదే సుఖం, నిజం చెప్పాలంటే. వాచీగా పాతదే మొనగాడు.

మీరు వాన, దుమ్ము, సైట్ మీద కాంక్రీటు మధ్య తిరిగే మనిషి. కమాండర్‌కి జాలీలా అల్లిన మెష్ చైను సందుల్లో సిమెంట్ దుమ్ము ఇరుక్కుంటుంది, శుభ్రం చేయడం పెద్ద పని. కాంక్రీటు కుదించే వైబ్రేటర్ పట్టుకునే చోటికి అయితే ఏ ఆటోమేటిక్ అయినా తీసి జేబులో పెట్టుకోండి. సైట్‌కి పాత బ్యాటరీ వాచీయే కట్టుకుని, ఇది ఆఫీసుకి, పెళ్లిళ్లకి ఉంచుకోండి.

హార్బర్_సుబ్బు

లేదా సైట్‌కి ఓషన్ స్టార్ తీసుకోండి శీను గారూ, వెనక నక్షత్ర చేప బొమ్మ ఉంటుంది, గట్టి మూత, నీళ్లలో కూడా ఢోకా లేదు. లైట్‌హౌస్ కథ నమ్మాలా వద్దా అనేది మీ ఇష్టం. మీ మణికట్టు ఎంత ఉందో టేపుతో కొలిచి ఇక్కడ పెట్టండి ముందు, 42 మిల్లీమీటర్లది సన్నటి చేతికి బాగోదు, నా మల్టీఫోర్ట్ చూసి మా అబ్బాయి గోడ గడియారం అంటాడు.

సెంట్రింగ్_శీను

16.5 సెంటీమీటర్లు.

పాతకీ

అయితే 40 దాటొద్దు. కమాండర్‌కి పట్టీ బిగించే కొమ్ములు బయటికి పొడుచుకురావు కాబట్టి మీ చేతికి సరిపోతుంది. మల్టీఫోర్ట్ కావాలంటే పాట్రిమనీ అని 40లోనే ఉంది, అంచున నాడి కొలిచే స్కేలు ఉంటుంది, చారలు ఉండవు, పాతకాలం రూపం, బ్రిడ్జి కథ కూడా అడ్డం రాదు. రెండూ చేతికి పెట్టుకుని, షోరూం దీపాల కింద కాకుండా గుమ్మం దాకా వచ్చి పగటి వెలుగులో చూడండి, ఆ కుర్రాడు ఏమీ అనుకోడు.